భద్రు ఎక్కని బస్సు

“మా ముసలాయన మొన్న మీ బస్సెక్కిండట గదా యశోదమ్మా. యాడ దింపిండ్రో జర చెప్పు, పోయి తోలుకొచ్చుకుంట.”

ఎల్లక్క ఆ మాట ఏడుస్తూ అనలేదు, అరుస్తూ అనలేదు. సంతలో వంకాయల ధర అడిగినంత మామూలుగా అడిగి, మడిచి తెచ్చిన దినపత్రిక జిల్లా పేజీని జనగామలోని యశోద ఇంటి హాలు మధ్యనున్న గాజుబల్ల మీద పరిచింది. సోఫాలో కూర్చుని ఫోనులో మాట్లాడుతున్న రామ్మోహన్ ముందు గొంతు తగ్గించాడు, మరుక్షణం ఫోనే జేబులో పెట్టేసుకున్నాడు. భర్త మాట మధ్యలో ఫోను ఆపడం యశోద ఎన్నడూ చూడలేదు.

ఆమె నిలబడే చదివింది. సోమవారం పొద్దున స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పత్తి ట్రాక్టరును తప్పించబోయి తమ బస్సు పొలంలోకి ఒరిగిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదని విని యశోద ఆనాడే దేవుడి ముందు దీపం పెట్టింది. పోలీసులు వచ్చేసరికి ప్రయాణికులంతా దొరికిన ఆటో పట్టుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారనీ, డ్రైవర్ సాయికుమార్ తన దగ్గరున్న జాబితా చూపించాడనీ విన్నది. ఆ జాబితాలోని ముప్పై ఎనిమిది పేర్లూ ‘క్షేమంగా బయటపడినవారు’ అన్న శీర్షిక కింద మంగళవారం పత్రికలో అచ్చయిన సంగతి మాత్రం ఇప్పుడే, ఈ గురువారం నాడు, చూస్తోంది.

నాలుగో పేరు దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. రాజలింగం, 61.

రాజలింగం ఎల్లక్క భర్త. బొగ్గుగనిలో ముప్పై ఏళ్లు పనిచేసి దిగిపోయినవాడు. నిరుడు దసరా దాటిన వారానికి కన్నుమూశాడు.

“బతికున్నప్పుడు దవాఖానకు పోదాం లెవ్వయ్యా అంటే లెవ్వకపోయె,” అంది ఎల్లక్క. “సచ్చినంక బస్సెక్కి పట్నం పోయిండు. వయసు గూడ పెరుగలే సూడు. మంచిగనే ఉన్నడన్నట్టు.”

యశోద పత్రిక మీద నుంచి తలెత్తింది. అప్పుడు గమనించింది, ఎల్లక్క వెనుక తలుపుకు ఆనుకుని మరొక మనిషి నిలబడి ఉంది. సుమిత్ర. భూపాలపల్లి కార్మికుల క్వార్టర్లలో ఎల్లక్కకు పక్కింటి మనిషి. ఆమె భర్త భద్రు మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి వచ్చి పద్నాలుగేళ్లుగా గనిలో పనిచేస్తున్నాడు. రెండేళ్ల కిందట ఆ వాడకట్టంతా కలిసి ఈ ఇంటి బస్సులోనే తిరుపతికి పోయినప్పుడు యశోద కూడా వాళ్ల వెంట వెళ్లింది.

“సుమిత్రా, గక్కడనే నిలబడ్డవేంది? కూసో.”

“కూసోనీకె రాలేదమ్మా. గిది చదువుండ్రి.”

ఆమె చాచిన చేతిలో నాలుగు మడతల కాగితం ఉంది. గని నుంచి భద్రుకు నిన్న సాయంత్రం అందిన చార్జిషీటు. సోమవారం మొదటి షిఫ్టులో పనిచేసినట్లు భద్రు పేర హాజరు మస్టరు పడిందనీ, అదే సమయంలో అతడు హైదరాబాదు వెళ్లే బస్సులో ఉన్నట్లు నమ్మదగిన ఆధారం లభించిందనీ, కనుక తన పేరుతో గనిలోకి దిగిన వ్యక్తి ఎవరో తెలియజేయవలసిందనీ అందులో ఉంది. నమ్మదగిన ఆధారమంటే ఈ పత్రికే కాబోలుననుకుంది యశోద.

“ఆ పొద్దు ఆయన షిఫ్టులనే ఉన్నడమ్మా,” అంది సుమిత్ర. “ఆరింటికి సద్ది నేనే కట్టిచ్చిన. పోయిండు, పని చేసిండు, మూడున్నరకు ఇంటికొచ్చిండు. గిప్పుడేమో, నువ్వు బస్సుల పోతివి గదా, లోపలికి దిగినోడెవడంటున్నరు.”

“తోటోళ్లు చూసిండ్రు గదా. వాళ్లు చెప్పరాదా?”

“చెప్పిండ్రు. దోస్తు కోసం గట్లనే అంటరని కొట్టిపారేసిండ్రు.”

“లోపల కప్పు కూలిందనుకో,” ఎల్లక్క అందుకుంది, “ఎవలున్నరు, ఎవలు లేరు అని ఆ మస్టరు చూసే దేవులాడుతరు. గందుకే దొంగ మస్టరంటే ఊకోరు. రేపు పది గొట్టేవరకు జవాబియ్యాల్నట. లేకపోతే నౌకరి పోయినట్టే.”

సుమిత్ర తలుపు వదిలి ఒక అడుగు ముందుకు వేసింది. “మీరొక్క ముక్క రాసియ్యిండ్రి యశోదమ్మా. భద్రు మా బస్సెక్కలేదని. గంతే. ఇంకేమద్దు.”

పక్కగదిలోంచి ఉమేష్ వచ్చాడు. రామ్మోహన్ తమ్ముడతను. చేతిలో పసుపు పూసిన ఆహ్వానపత్రాల కట్ట ఉంది. వాడుకలో మానుకోట అనే మహబూబాబాద్‌లో కొత్త ఆఫీసు శుక్రవారం తెరుస్తున్నారు. అక్కడి నుంచి బెంగుళూరుకు రోజూ బస్సు నడిపే ఏర్పాటు అతనిది.

“ఏంది వదినా, పొద్దుగాల్నే పంచాయితి?”

“పంచాయితి కాదు సేటూ,” అంది ఎల్లక్క. “మా ఆయన టికెట్టు పైసలు బాకీ ఉన్నడేమో అడుగుదామని వచ్చిన.”

“రాజలింగం అంటే మీ ఆయనొక్కడేనా? భూపాలపల్లిల ఆ పేరున్నోళ్లు వందమంది దొరుకుతరు.”

“దొరుకుతరు. మరి మూడో పేరు సూడు బిడ్డా. ఎల్లక్క, యాభై ఆరు. గది నేనే. నేను గూడ సోమవారం పట్నం పోయిన్నట. ఆ పొద్దు ఇంట్ల కూసోని బియ్యం చెరిగింది మరి ఎవలో నాకైతె తెల్వది.”

ఉమేష్ నవ్వబోయి మానుకున్నాడు.

యశోద మాత్రం ఆ మాటతో మళ్లీ పత్రిక మీదికి వంగింది. ఈసారి పేర్లను కాదు, వాటి వరుసను చదివింది. మొదటి మూడూ ఆడవాళ్ల పేర్లు. ఆ తరువాత రాజలింగం, ఆపైన మరో ఇద్దరు ముసలివాళ్లు. పిల్లలున్న కుటుంబాలు నడుమన. వయసులోని మగవాళ్లంతా చివర, వాళ్లలో భద్రు.

ఆ వరుస ఆమెది.

కిరాణా కొట్టు మూసేసి మొదటి బస్సు కొన్న రెండో ఏడు, శ్రీశైలం యాత్రలో ఒక ముసలమ్మను దారిలోని హోటలు దగ్గరే మరిచి నలభై కిలోమీటర్లు వచ్చేశారు. వెనక్కి వెళ్లేసరికి ఆవిడ కుళాయి పక్కన కూర్చుని, కొడుకే కావాలని వదిలిపోయాడనుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంది. ఆ ముఖం చూసిన నాటి నుంచి యశోద ప్రతి యాత్రకూ పేర్లు తన చేత్తో రాసేది. వాంతులయ్యేవాళ్లు ముందు సీట్లలో, మోకాళ్ల నొప్పులవాళ్లు వాళ్ల వెనుక. ఆగిన ప్రతిచోటా బస్సు కదిలేముందు ఆ వరుసలోనే పిలిచేది. ‘ఉన్న’ అని గొంతు వినిపిస్తే తప్ప బండి కదలనిచ్చేది కాదు. పెళ్లివాళ్లూ యాత్రలవాళ్లూ జనగామ సేటు బస్సే కావాలని అడగడానికి ఆ పిలుపు ఒక కారణమని ఆమెకు లోలోపల గర్వం ఉండేది.

నాలుగు నెలల కిందట ఉమేష్, యశోద కొడుకు అభిలాష్ కలిసి, పెళ్లిళ్ల సీజనులు నమ్ముకుంటే ఎదుగూబొదుగూ ఉండదని భూపాలపల్లి నుంచి హైదరాబాదుకు రోజువారీ బస్సు మొదలుపెట్టారు. ఉన్న పర్మిట్లు పెళ్లికో యాత్రకో ఒక గుంపు మొత్తాన్ని తీసుకెళ్లడానికే పనికొస్తాయి. దారిలో చెయ్యెత్తిన వాళ్లనల్లా ఎక్కించుకోవడానికి కాదు. మరి పర్మిట్టు సంగతి ఏమిటని ఆమె అడిగింది. చూసుకున్నామన్నారు. నమ్మింది.

మెట్ల దగ్గర అలికిడయింది. కింది ఆఫీసు నుంచి పైకి వస్తున్న అభిలాష్, బల్ల మీది పత్రికనూ దాని ముందున్న ఇద్దరు ఆడవాళ్లనూ చూసి రెండు మెట్ల కిందనే ఆగిపోయాడు. పాతికేళ్ల పైబడిన మనిషి. తప్పు చేసినప్పుడు చెవులు ఎర్రబడే గుణం మాత్రం ఇంకా పోలేదు.

“అభీ,” అంది యశోద. “లోపలికి రా.”

వెనుకగదిలో బీరువా తెరిచింది. ఇరవై ఏడేళ్ల జాబితాలు నవారు ముక్కలతో కట్టి, ఏడాది వారీగా పేర్చి ఉన్నాయి. తిరుపతి కట్ట ఉండవలసిన చోటే ఉంది. కాకపోతే తలకిందులుగా ఉంది.

రామ్మోహన్, ఉమేష్ కూడా వెనకే వచ్చి తలుపు దగ్గరగా వేశారు.

“ఎవలు తీసిండ్రు?”

“ముందు నువ్వు కూసో వదినా,” అన్నాడు ఉమేష్. “పర్మిట్టుకు రోజుకొక గుంపు కావాలె. మన దగ్గర గుంపులున్నయి. ఊకెనే బీరువాల పడి ఉన్నయి. అండ్ల తప్పేమున్నది?”

“గుంపులు కాదు ఉమేషూ. మనుషులు.”

“కాగితం మీద అందరు మనుషులే గదా.”

“నువ్వాగు బాబాయి,” అన్నాడు అభిలాష్. తల్లి ముఖం చూడకుండా, బీరువా తలుపుతో మాట్లాడుతున్నట్లు చెప్పుకొచ్చాడు. “దొంగ పేర్లు పెడితే చెకింగ్‌ల దొరికిపోతం అమ్మా. నీ లిస్టులల్ల నిజం మనుషులుంటరు. మొగుడు, పెండ్లాం, పిల్లలు, వయసులు, అన్నీ కుదురుతయి. ఎవ్వలు చూసినా ఒక్క ఊరోళ్లు యాత్రకు పోతున్నరనే అనుకుంటరు. నీ అంత మంచిగ ఎవ్వలు రాయరు.”

మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు కాబోలు. ఆ మెప్పు ఆమెకు ఎక్కడ తగిలిందో అతనికి తెలియలేదు.

“ఎన్నడు సంది?”

“మొదటి రోజు సంది.”

“నాకెందుకు చెప్పలే?”

“చెప్తే నువ్వు వద్దంటవని.”

“తెలిసే చేసినవన్నట్టు.”

అతను బీరువా తలుపు మూయబోయాడు.

“బీరువాకు రెండే తాళంచెవులు,” అంది యశోద. “ఒకటి నా నడుముకున్నది. ఇంకోటి ఎవలిచ్చిండ్రు నీకు?”

అభిలాష్ కళ్లు తండ్రి వైపు పోయి, వెంటనే నేలకు దిగాయి. ఆ ఒక్క చూపుతో యశోదకు సగం అర్థమైంది. మిగతా సగం అర్థం కాకుండా ఉంటే బాగుండునని ఆమె నిజంగానే కోరుకుంది. ఉమేష్ తెంపరితనం ఆమెకు కొత్త కాదు. కొడుకు దుడుకుతనాన్ని వయసు ఖాతాలో వేసుకోగలదు. కానీ ఆ శ్రీశైలం ముసలమ్మను చేతులమీద ఎత్తుకుని బస్సెక్కించింది రామ్మోహన్. ‘ఇగ నువ్వే పేర్లు పిలువు యశోదా, నాకు భయమైతాంది’ అని ఆ రాత్రి అన్నదీ అతనే.

“మీరా?”

“నేనే ఇచ్చిన,” అన్నాడు రామ్మోహన్. “ఊరంత చేస్తున్నదే మనం చేసినం. వీళ్లేదో ఎదుగుదామని చూస్తుంటే నువ్వూ నేనూ అడ్డం పడుడెందుకని ఇచ్చిన.”

హాలులోంచి ఎల్లక్క దగ్గు వినిపించింది.

యశోద బల్ల సొరుగులోంచి తెల్లకాగితం తీసింది. కుర్చీ లాక్కుని కూర్చుని తేదీ వేసింది. ‘గని మేనేజరు గారికి’ అని రాసేదాకా ఎవరూ కదల్లేదు.

“వదినా, జర ఆలోచన చెయ్యి,” ఉమేష్ గొంతులో మొదటిసారి కంగారు పలికింది. “ఒక్క పేరు అబద్ధమని నువ్వు రాసిస్తే ముప్పై ఎనిమిది అబద్ధమే. నాలుగు నెలల లిస్టులన్నీ అబద్ధమే. రేపు మానుకోటల రిబ్బను కత్తిరిచ్చుడు గాదు, బండ్లు గుంజుకపోతరు. అభీ మీద కేసయితది.”

“భద్రు నౌకరి పోతది.”

“వాళ్లకు యూనియను ఉన్నది. ఎట్లనో చూసుకుంటరు.”

“వాళ్లు చూసుకుంటరని నీకెవలు చెప్పిండ్రు?”

ఆమె రెండో వాక్యం మొదలుపెట్టింది. అప్పుడు రామ్మోహన్ ముందుకు వచ్చి కాగితం మీద చెయ్యి పెట్టాడు. “రాయకు యశోదా.”

“చెయ్యి తియ్యిండ్రి.”

“రాసినా పనికిరాదు. నువ్వు నిన్ననే రాసిచ్చినవ్.”

ఆమెకు ఆ మాట బోధపడలేదు. భర్త ముఖంలోకి చూసింది. అతను కిటికీ బయటికి చూస్తున్నాడు.

“నేనేం రాసిచ్చిన?”

అభిలాష్ ఫోను తీసి, వేలితో రెండు మూడుసార్లు జరిపి, ఆమె ముందు పెట్టాడు. టైపు చేసిన వాంగ్మూలం. ‘సదరు బస్సు యజమానురాలినైన నేను, సోమవారం నాటి యాత్రకు స్వయంగా హాజరై, జాబితాలోని ముప్పై ఎనిమిది మందినీ పేరుపేరునా పిలిచి బస్సు ఎక్కించితిని. వీరందరూ నాకు ముఖపరిచయం గలవారు.’ దాని కింద ఆమె సంతకం. పొల్లు పోకుండా ఆమెదే.

నిన్న పొద్దున ఆమె వంటింట్లో పప్పు కడుగుతోంది. మహబూబాబాద్ ఆఫీసు కాగితాలన్నాడు రామ్మోహన్. అద్దె ఒప్పందం, కరెంటు మీటరు, బోర్డు అనుమతి. చేతులు కొంగుకు తుడుచుకుని, అతని వేలు ఆగిన చోటల్లా సంతకం పెట్టుకుంటూ పోయింది. ఇరవై ఏడేళ్లుగా అంతే. బండ్లన్నీ ఆమె పేరు మీద ఉన్నాయి. కాగితాలన్నీ ఆయన చేతిలో ఉన్నాయి. ఆ వేలు ఎక్కడ ఆగితే అక్కడ తన పేరు రాయడాన్ని ఆమె ఏనాడూ నమ్మకమని కూడా అనుకోలేదు. అది ఊపిరి తీసుకున్నంత మామూలు పని.

“గిది యాడ ఇచ్చిండ్రు?”

“రవాణా ఆఫీసుల,” అన్నాడు ఉమేష్.

“అక్కడనేనా?”

అభిలాష్ నెమ్మదిగా అన్నాడు. “నిన్న గని ఆఫీసు నుంచి గూడ ఫోను వచ్చింది అమ్మా. భద్రు అనేటాయన నిజంగ ఉన్నడా బస్సుల అని. బాబాయి గిదే పంపిండు.”

నమ్మదగిన ఆధారం! అచ్చులో రాజలింగం పేరు చూసినప్పుడు కూడా ఆమెకు ఇలా కాలేదు. సుమిత్ర చేతిలో నలుగుతున్న ఆ చార్జిషీటుకు ఆధారం పత్రిక కాదు, తాను. తన పేరు చెప్పి భద్రు ఉద్యోగాన్ని అమ్మేసి, అదే పూట ఆమె వండిన పప్పుతో అందరూ భోజనం చేశారు. ఉమేష్ రెండోసారి అడిగి వడ్డించుకున్నాడు.

“కేసయితే నా మీద అయితదన్నట్టు,” అంది.

“ఏం గాదు,” అన్నాడు రామ్మోహన్. “ఆడమనిషివి. వయసు మీద పడ్డదానివి. నిన్నేమంటరు? మందలిచ్చి వదిలేస్తరు. వాని మీద పడితే వాని బతుకేం గావాలె? నువ్వు తల్లివి గదా.”

“తల్లినని అడిగితిరా?”

“అడిగేదేమున్నది అండ్ల.”

“అడిగితే ఇద్దునేమో,” అంది యశోద.

అది నిజమే. కొడుకు వచ్చి కాళ్ల దగ్గర కూర్చుని, అమ్మా తప్పయింది, నువ్వు మీదేసుకో అని ఉంటే, ఆమె రాత్రంతా తిట్టి తెల్లారి ఒప్పుకునేదేమో. అంత మామూలు తల్లే తాను. కానీ ముగ్గురు మగవాళ్లు కూర్చుని, ఆమె పేరును పంచుకుని, ఆమెకు ఒక్క మాట చెప్పకుండా లేచిపోయారు.

ఆమె కాగితం మీద నుంచి భర్త చేతిని తానే తీసి పక్కన పెట్టింది. తరువాత ఆ కాగితాన్ని కూడా అక్కడే వదిలేసి హాలులోకి నడిచింది.

సుమిత్ర ఇంకా నిలబడే ఉంది. ఎల్లక్క మాత్రం సోఫా అంచున కూర్చుని మోకాలు రుద్దుకుంటోంది.

“భద్రు మా బస్సుల ఉన్నడని నిన్న సంతకం పెట్టింది నేనే సుమిత్రా,” అంది యశోద. “చదువలే. చదువకుండ పెట్టిన. గిప్పుడు నీతోటి వచ్చి గది అబద్ధమని చెప్త. రాసిస్త గూడ.”

యశోద తిట్లకు సిద్ధపడింది. ఏడుపుకూ సిద్ధపడింది. వచ్చిన మాట రెంటిలో ఏదీ కాదు.

“నిన్న ఉన్నడని రాసిండ్రు. ఇయాల లేడని రాస్తరు. రెండింటికీ సంతకం మీదే. వాళ్లు ఏది నమ్ముతరమ్మా?”

“నేను నోటితోని చెప్త గదా.”

“మా ఆయన గూడ నోటితోనే చెప్పిండు.”

ఆ మాటలో నిష్ఠూరం లేదు. పత్రికలో పేరు పడ్డప్పటి నుంచి ఆఫీసుల గుమ్మాల ముందు నిలబడి నేర్చుకున్న లెక్క ఉంది. ఇంతకాలం జనగామ నుంచి భూపాలపల్లి దాకా యశోదమ్మ ఉన్నారంటే ఉన్నట్టు, లేరంటే లేనట్టు. ఆ మాటకు విలువ పోయిందన్న సంగతి ఆమెకు మొదట చెప్పింది, ఆ మాట కోసమే ఇంత దూరం వచ్చిన మనిషి.

“లిస్టు కొట్టినోళ్లు ఎవలో,” అంది సుమిత్ర, “వాళ్లొచ్చి గిట్ల కొట్టినం అని చూపెడితే నమ్ముతరు. ఇంకెట్ల నమ్మరు.”

ముగ్గురి చూపులూ గుమ్మంలో నిలబడ్డ అభిలాష్ మీదికి పోయాయి. అతని చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి.

“చెప్పులేసుకో అభీ.”

“వాడు యాడికీ రాడు,” వెనుక నుంచి రామ్మోహన్ అన్నాడు.

“మిమ్మల్ని అడుగలే.”

“అమ్మా, ఒక్క రోజు ఆగు. రేపు మానుకోట పని కానియ్యి. ఎల్లుండి నేనే పోయి వాళ్లతోటి మాట్లాడుత. ఒట్టు.”

“రేపు పదింటికి జవాబియ్యాలె. నువ్విన్నవ్ గదా.”

“ఒక్క రోజే గదమ్మా.”

ఆమె కొడుకును నిదానంగా చూసింది. చిన్నప్పుడు బస్సులో తన ఒళ్లో కూర్చుని, తాను పేరు పిలవగానే అవతలి మనిషి కంటే ముందే ‘ఉన్న’ అని అరిచి అందరినీ నవ్వించిన పిల్లవాడు వీడే. అప్పుడు అందరితో పాటు తానూ నవ్వింది.

“పదకొండున్నర బస్సుకు పోతున్నం,” అంది. “స్టాండుల ఉంటం.”

మెట్లు దిగుతుంటే ఎల్లక్క ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఆసరా కోసమో, ఓదార్పు కోసమో తెలియలేదు. “మీ బస్సులనే పోదామా యశోదమ్మా? లిస్టుల మన పేర్లు ఎట్లనో ఉన్నయి.”

“సర్కారు బస్సుల పోదాం ఎల్లక్కా,” అంది యశోద. ఆ పూట ఆమెకు నవ్వు రాబోయింది అదొక్కసారే.

జనగామ స్టాండులో హన్మకొండ బస్సు ప్లాట్‌ఫాం మీదే ఉంది. అక్కడ దిగి భూపాలపల్లి బండి మారాలి. ముగ్గురు కూర్చునే సీటులో ఇద్దరినీ లోపలికి పంపి, యశోద చివర కూర్చుంది. ముందు సీటు ఖాళీగా ఉంటే దానిమీద తన చేతిసంచి పెట్టింది. ఇరవై ఏడేళ్లలో ఇంటి బస్సు కాని బస్సులో ఆమె ఎక్కింది వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

కండక్టరు చురుకైన పడుచు. “ఆధార్లు చూపియ్యిండ్రమ్మా,” అంటూ వచ్చి, ఆడవాళ్లకిచ్చే ఉచితపు సున్నా టికెట్లు మూడు చకచకా తీసి చేతిలో పెట్టింది.

“ఒక మొగ టికెట్టు గూడ గొట్టు బిడ్డా. హన్మకొండకు.”

“మొగాయన యాడున్నడు?”

“వస్తడు.”

“వచ్చినంక కొడ్తనమ్మా. మనిషి ఎక్కనిది టికెట్టు కొట్టద్దు.” సంచి వైపు చూపించింది. “గది గూడ తియ్యిండ్రి, మంది ఉన్నరు.”

యశోద సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. ముఖం వేడెక్కింది. ఆ పిల్ల చాలా మామూలుగా అన్న మాటే అది. వెనుక సీట్ల వైపు వెళ్లిపోయింది కూడా.

“రాకపోతే ఎట్ల?” ఎల్లక్క గొంతులో ఇప్పుడు వేళాకోళం లేదు.

“రాకపోతే వాని పేరు నేనే చెప్త.”

అన్నాక ఆ మాట తన చెవులకే కొత్తగా వినిపించింది. కిటికీ పక్కనున్న సుమిత్ర తల తిప్పి ఆమెను చూసింది. ఆ ఇంట్లో అడుగు పెట్టినప్పటి నుంచి ఆమె యశోదను నేరుగా చూడటం అదే మొదలు. ఒడిలోని చార్జిషీటును మరొక మడత మడిచింది.

డ్రైవరు ఇంజను తిప్పాడు. సరిగ్గా అప్పుడే స్టాండు గేటులోంచి మోటారుసైకిలు దూసుకొచ్చి మంచినీళ్ల కుళాయి దగ్గర ఆగింది. అభిలాష్. బండి స్టాండు వేసి నాలుగడుగులు బస్సు వైపు నడిచాడు. ఫోను మోగింది. తీసి చెవికి పెట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. అవతల మాట్లాడుతున్నది ఎవరో యశోదకు ఒకరు చెప్పనవసరం లేదు. తల ఊపుతున్నాడు. ఏదో అనబోయి ఆగుతున్నాడు. మళ్లీ తల ఊపుతున్నాడు.

సుమిత్ర కిటికీలోంచి చెయ్యి బయటపెట్టింది. “తమ్మీ, బండి పోతాంది.”

అతను తలెత్తాడు. ముందు సుమిత్రను చూశాడు. తరువాత తల్లిని. ఫోను చెవి దగ్గరే ఉంది.

కండక్టరు ఫుట్‌బోర్డు మీద ఒక కాలు వేసి, తాడు పట్టుకుని అడిగింది. “మీరన్న మనిషి గాయనేనా అమ్మా? ఆపాల్నా, బెల్లు గొట్టాల్నా?”

వీధిలో ఎక్కడ కనబడినా ‘అభీ’ అని కేకేయడం ఆమెకు అలవాటు. ఆ పిలుపు గొంతుదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపుకుని కొడుకు ముఖం మీద నుంచి చూపు తిప్పుకుంది. వాడు ఎక్కితే తానుగా ఎక్కాలి.

“గొట్టు బిడ్డా,” అంది.

గంట రెండుసార్లు మోగింది. బస్సు వెనక్కి జరిగి, వరంగల్ రోడ్డు వైపు మెల్లగా తిరిగింది. తలుపు ఇంకా తెరిచే ఉంది.